ఇంట్లో బియ్యం గురించి అడిగారు, మంచం మీద మనిషి గురించి అడగలేదు

గోదారి_గట్టు
మొన్న జనగణన ఇళ్ల లెక్కకి ఒక మేడమ్ వచ్చారు. అంతా ఫోన్‌లోనే నొక్కుకుంటున్నారు. గోడ దేనితో కట్టారు, నేల టైల్సా సిమెంటా, నీళ్లు ఎక్కడివి, టీవీ ఉందా, నెట్ ఉందా, స్కూటరు ఉందా. ఆఖరికి మీరు ఎక్కువగా తినేది బియ్యమా, గోధుమలా అని కూడా అడిగారు. రాజమండ్రి పక్కన ఉండి ఈ ప్రశ్నేంటండీ అని నవ్వాను. ఆవిడా నవ్వారు.

వెనక గదిలో మా మామగారు ఉన్నారు. పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట రాదు. నేను ప్రైవేటు స్కూల్లో ఏడేళ్లు లెక్కలు చెప్పాను, ఆయన పడ్డ నెలలోనే మానేశాను. రాత్రి మూడుసార్లు లేచి పక్కకి తిప్పాలి, లేదంటే పుండ్లు పడతాయి. ఆయన గురించి ఏమీ అడగరా అన్నాను. ఇది ఇంటి లెక్కండీ, మనుషుల లెక్క ఫిబ్రవరిలో అన్నారు. సరే, అప్పుడు నేనేం చేస్తానని రాస్తారు అన్నాను. "హౌస్‌వైఫే కదా మేడమ్" అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆవిడ మీద కోపం లేదు, ఎండలో తిరుగుతున్నారు పాపం. కానీ ఆ మాట బుర్రలోంచి పోవట్లేదు. ఇంట్లో మంచాన పడ్డవాళ్లని జీతం లేకుండా చూసుకునేవాళ్లు ఎంతమందో ఈ దేశంలో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఫిబ్రవరి ఫారంలో దానికో గడి ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి. సానుభూతి మాత్రం వద్దు, అది మా వీధిలోనే బోలెడు దొరుకుతోంది.

ఉప్మా_విరోధి
"హౌస్‌వైఫే కదా" లో ఆ చివరి 'ఏ' ఉంది చూశారా, నాలుగేళ్ల పని మొత్తం దాంట్లో కొట్టుకుపోయింది.

ఆవకాయ_404
గడి పెడితే ఏమవుతుంది? నూట నలభై కోట్ల మందిని లెక్కపెట్టడమే తలకు మించిన పని. ఇంట్లో పెద్దవాళ్లని చూసుకోవడం కూడా సర్కారు ఫారంలో రాయించుకోవాలా? మా నాయనమ్మ తాతని పదకొండేళ్లు చూసుకుంది. ఏనాడూ గడి అడగలేదు.

కొబ్బరాకు
@ఆవకాయ_404 మీ నాయనమ్మని ఏం కావాలని ఎవరైనా అడిగారా అసలు?

లెక్కల_మాస్టారు
1991, 2001, 2011 మూడు లెక్కలకీ తిరిగినవాణ్ని. రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇల్లిల్లూ తిరిగాం. 28 రాత్రి బస్టాండులో, గుడి అరుగుల మీద పడుకున్నవాళ్లని లెక్కపెట్టాం. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ సరిచూసుకోవడం. ఫారంలో పని గురించి అడిగే తీరు ఇదీ: గత ఏడాదిలో ఏదైనా పని చేశారా? ఆరు నెలలు, అంతకు మించి చేస్తే మెయిన్ వర్కర్. తక్కువైతే మార్జినల్ వర్కర్. అసలు చేయకపోతే నాన్ వర్కర్. నాన్ వర్కర్ అయితే ఏం చేస్తున్నట్టు అని ఒక అంకె వేయాలి. విద్యార్థి 1, ఇంటిపని 2, ఒకరి మీద ఆధారపడినవారు 3, పెన్షనర్ 4, అద్దెలూ వడ్డీల మీద బతికేవారు 5, బిచ్చగాళ్లు 6, మిగతావాళ్లు 7. ఒక మనిషికి ఒకటే అంకె.

కాబట్టి అమ్మా, నీకు 2. మీ మామగారికి పెన్షన్ ఉంటే 4, లేకపోతే 3. మీ ఇద్దరి మధ్య రోజంతా జరిగేదానికి అంకె లేదు.

ఇంకో సంగతి. శిక్షణలో మాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఆడవాళ్లు "ఏం చేయనండీ, ఇంట్లోనే" అంటారు, వదిలేయకండి, పొలానికి వెళ్తారా, గొడ్డూ గోదా ఉన్నాయా అని గుచ్చి అడగండి అని. ఎందుకంటే పాలు ఇంట్లో తాగడానికే అయినా సరే, గేదెని సాకితే అది పని కిందకి వస్తుంది. జీతం ఉండక్కర్లేదు.

ఉప్మా_విరోధి
ఆగండి మాస్టారూ. గేదెకి కుడితి పెడితే పని. మామగారికి జావ తాగిస్తే పని కాదా?

లెక్కల_మాస్టారు
కాదు.

ఉప్మా_విరోధి
తేడా ఏంటండీ?

లెక్కల_మాస్టారు
గేదె పాలిస్తుంది.

పాలమూరు_పోరడు
ఈ చర్చ ఇక్కడే మూసేయొచ్చు. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు 😂

గోదారి_గట్టు
నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు మాస్టారూ. మా మామగారికి చదివి వినిపించాను. ఆయన ఎడమ పక్క పెదవితో నవ్వారు. (ఆయన పెన్షనరే. కాబట్టి మా ఇంట్లో 2, 4. మా ఆయన మెయిన్ వర్కర్.)

సున్నా_ఒకటి
మాస్టారు సరదాగా అన్నా, లెక్కల పుస్తకాల్లో నిజంగానే అలా ఉంది. నేను గణాంకశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, అందుకే దూరుతున్నా. ప్రపంచమంతటా జాతీయ ఆదాయం లెక్కకట్టే పద్ధతిలో ఇంటి వాడకానికి తయారుచేసే వస్తువులు లోపల ఉంటాయి, ఇంట్లోవాళ్లకి చేసే సేవలు బయట ఉంటాయి. మీ తిండికి మీరు పండించుకున్న వడ్లు జీడీపీలో ఉన్నాయి. ఆ బియ్యం వండితే లేదు. వండింది నోట్లో పెడితే అసలే లేదు. 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సదస్సు, ఇంట్లోవాళ్లకి చేసే సేవలు కూడా 'పని' అని నిర్వచనం మార్చింది. పనే కానీ 'ఉపాధి' కాదు అని మెలిక పెట్టింది.

మన కార్మిక సర్వేలో 92, 93 అని రెండు కోడ్‌లు ఉంటాయి. ఇంటిపని మాత్రమే చేసేవాళ్లు 92. ఇంటిపనితో పాటు కట్టెలు ఏరుకురావడం, ఇంట్లోకి కుట్టడం, అల్లడం లాంటివి చేస్తే 93. అక్క ఎటు చూసినా 92.

అయితే ఆవకాయ గారి మాటలో కొంత న్యాయం ఉందనే అంటాను. జనగణన దీనికి సరైన చోటు కాదు. టైమ్ యూజ్ సర్వే అని వేరే ఉంది. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో చేసి చూశారు, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతా మొదటిసారి 2019లో, మళ్లీ 2024లో చేశారు. 2024లో సుమారు 1.39 లక్షల ఇళ్లు. 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ చేస్తున్నారని తేలింది, మగవాళ్లలో 21.4 శాతం. చేసేవాళ్లనే తీసుకుంటే ఆడవాళ్లు రోజుకి 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు. ఇంత వివరం జనగణనలో రాదు.

కొబ్బరాకు
140 నిమిషాలా? అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. మా అత్తగారికి పొద్దున స్నానం, టిఫిను అయ్యేసరికే అయిపోతాయి.

సున్నా_ఒకటి
సగటండీ. పిల్లల్ని చూసుకోవడం కూడా అందులోనే కలిసి ఉంటుంది. పసిపాప తల్లీ, మంచాన పడ్డ మనిషి కోడలూ ఒకే లెక్కలో.

గోదారి_గట్టు
@సున్నా_ఒకటి తమ్ముడూ, ఆ సర్వే రాత్రి లేవడాన్ని ఎలా రాస్తుంది? ఐదు నిమిషాల పని. కానీ మళ్లీ నిద్ర పట్టడానికి గంట.

సున్నా_ఒకటి
రోజుని అరగంట ముక్కలుగా కోసి ఒక్కో ముక్కలో ఏం చేశారని అడుగుతారు. మీ ఐదు నిమిషాలు చాలావరకు నిద్రలో కలిసిపోతాయి. నిజమే, అది లోపమే.

గోదారి_గట్టు
ఇంకోటి. మా మండలంలో నాలాంటివాళ్లు ఎంతమంది అని ఆ సర్వే చెప్పగలదా? దేశంలో ఎన్ని నిమిషాలో నాకు అక్కర్లేదు. మా పీహెచ్‌సీకి వారానికి ఒక రోజు ఫిజియోథెరపీ ఆయన రావాలంటే, ఈ చుట్టుపక్కల ఎన్ని మంచాలున్నాయో ఎవరికో ఒకరికి తెలియాలి కదా.

సున్నా_ఒకటి
మండలం దాకా చెప్పలేదు. శాంపిల్ సరిపోదు. ఊరి స్థాయికి జనగణన ఒక్కటే వెళ్తుంది. సరే, ఈ పాయింట్ మీదే.

ఆవకాయ_404
ఒప్పుకున్నావా అప్పుడే? పరిశోధన ఇలాగేనా చేస్తావ్

లీసెస్టర్_చలిమంట
ఇక్కడ ఇంగ్లండు, వేల్స్‌లో 2001 నుంచి జనగణనలోనే అడుగుతున్నారు. ఎవరికైనా దీర్ఘకాలిక జబ్బు వల్లనో ముసలితనం వల్లనో మీరు సాయం చేస్తున్నారా, జీతానికి చేసేది కలపకండి, వారానికి ఎన్ని గంటలు, ఇదీ ప్రశ్న. 2001లో 52 లక్షల మంది, 2011లో 58 లక్షల మంది. 2021లో 50 లక్షలకి దిగింది. జబ్బులు తగ్గాయనుకునేరు, కాదు. ప్రశ్న మాటలు కొంచెం మార్చారు, గంటల గళ్లు మార్చారు, పైగా అది కోవిడ్ మార్చి. జనం ఒకరింటికి ఒకరు వెళ్లడమే లేదు. తగ్గినవాళ్లు ఎక్కువగా వారానికి కొద్ది గంటలు చేసేవాళ్లే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 2021 ఫారం నేనే ఆన్‌లైన్‌లో నింపాను. అమ్మ మాతోనే ఉండేది, కీళ్లు పట్టేసి మెట్లు దిగలేదు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ నుంచి వచ్చి అమ్మకి స్నానం చేయించేది. ఆ ప్రశ్న దగ్గర నేను 'లేదు' నొక్కేశాను, ఇద్దరికీ! అమ్మని చూసుకోవడం 'సాయం' ఏంటి అనుకున్నాను. తర్వాత చూసి మా ఆవిడ అన్న మాట ఇక్కడ రాయలేను.

ఉప్మా_విరోధి
రాయండి, రాయండి. మేమంతా పెద్దవాళ్లమే.

లీసెస్టర్_చలిమంట
"బయట చేస్తే నర్సుని, ఇంట్లో చేస్తే గాలినా?" అంది. ఇది సెన్సార్ చేసిన కాపీ.

కొబ్బరాకు
ఇదే అసలు రోగం. గడి పెట్టినా నొక్కేది ఎవరు? మన దగ్గర ఫారం వాళ్లు వస్తే వాకిట్లో కూర్చుని జవాబు చెప్పేది మామయ్యో, మొగుడో. "ఆవిడా? ఆవిడేం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ లోపల మామయ్య మూత్రం బ్యాగు మారుస్తూ ఉంటుంది.

మిడిల్_బెర్త్
ఆవిడే కాదు, 'ఆయన' కూడా ఉన్నాడు. నాకు 41. అమ్మకి మతిమరుపు జబ్బు, ఆరేళ్లు. నాన్న లేరు, చెల్లి అమెరికాలో. గ్యాస్ పొయ్యి వెలిగించి మర్చిపోయింది రెండుసార్లు, ఒకసారి నైటీతో కూకట్‌పల్లి బస్టాపు దాకా వెళ్లిపోయింది. ఉద్యోగం మానేశాను. పెళ్లి సంబంధాల వాళ్లు కూడా మానేశారు.

ఆ మధ్య ఇంటింటి సర్వేకి ఒకాయన వచ్చి మీరేం చేస్తుంటారు అన్నాడు. అమ్మని చూసుకుంటాను అన్నాను. "అది సరే సార్, ఏం చేస్తుంటారు?" అని మళ్లీ అడిగాడు. మూడోసారికి తనే జాలిపడి "జాబ్ సెర్చింగ్‌లో ఉన్నారా?" అన్నాడు. నేను ఊ అన్నాను. అదీ నా లెక్క. ఆడవాళ్లు ఇల్లాళ్లలో కలిసిపోతున్నారు, మేము నిరుద్యోగుల్లో కలిసిపోతున్నాం.

లెక్కల_మాస్టారు
@మిడిల్_బెర్త్ బాబూ, నువ్వన్నది నిజం. మగాడికి 'ఇంటిపని 2' వేయడానికి మాకే చెయ్యి ఆడేది కాదు. నేనూ ఒకరిద్దరికి 7 వేసిన గుర్తు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

వకీలమ్మ
మాస్టారి మాటకి అంకె నేను ఇస్తాను. 2011 లెక్క ప్రకారం ఇంటిపనే ముఖ్యం అని చెప్పిన ఆడవాళ్లు 15.98 కోట్లు, మగవాళ్లు 57.9 లక్షలు. ఈ అంకెలు 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కాయి, జస్టిస్ ఎన్.వి. రమణ గారు విడిగా రాసిన భాగంలో. మన కృష్ణా జిల్లా ఆయనే. అంతకుముందు 2010లో ఇంకో కేసులో జస్టిస్ గంగూలీ ఇంకా ఘాటుగా రాశారు. 2001 జనగణనలో ఇల్లాళ్లని బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో కలిపి ఏ ఉత్పత్తీ చేయనివాళ్ల గంపలో వేశారని.

రెండూ ఏం కేసులో తెలుసా? రోడ్డు ప్రమాదంలో ఇల్లాలు చనిపోతే పరిహారం ఎంత ఇవ్వాలి అన్న కేసులు. పాత మోటారు వాహనాల చట్టం పట్టికలో సంపాదన లేని భార్య విలువ బతికున్న భర్త ఆదాయంలో మూడో వంతు. నా అనుభవంలో ఈ దేశంలో ఇంటి చాకిరీకి పద్ధతిగా వెల కట్టేది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఒక్కటే. అదీ లారీ గుద్దితేనే.

పాలమూరు_పోరడు
మొగుడు చిన్న జీతగాడైతే ఆవిడ చేసిన వంట కూడా చవకైపోద్దా?

వకీలమ్మ
ఆ పట్టిక ప్రకారం అంతే. కోర్టులు దాన్ని దాటి చాలా ముందుకొచ్చాయి అనుకోండి.

ఆవకాయ_404
ఒక్క నిమిషం. ఆంధ్రాలో పూర్తిగా మంచాన పడ్డవాళ్లకి 2024 నుంచి నెలకి ₹15,000 పెన్షన్ ఇస్తున్నారు కదా. తెలంగాణలో దివ్యాంగులకి ₹4,016. అంటే సర్కారుకి మంచాలు కనబడుతున్నట్టే. ఇంకో గడి ఎందుకు?

వకీలమ్మ
అది మంచం మీద ఉన్నవాళ్ల పేరు మీద వస్తుంది. ఉండాల్సిందే, కాదనను. మంచం పక్కన ఉన్నవాళ్ల సంగతి వేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 'కేర్ గివర్' అనే మాటకి నిర్వచనమే ఉంది. తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులతో సహా, జీతంతో అయినా జీతం లేకుండా అయినా సంరక్షణ చేసే ఎవరైనా అని. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకి సంరక్షకుల భత్యం అన్న మాట కూడా 24వ సెక్షన్‌లో ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అని పథకం ఉంది, మంచాన ఉన్నవాళ్లని చూసుకునే మనిషికి నెలకి ₹600.

ఉప్మా_విరోధి
600. నెలకి. రోజుకి ఇరవై రూపాయలు. హోటల్లో ఉప్మా కూడా రాదు, రాకపోవడమే మంచిదనుకోండి.

గోదారి_గట్టు
మామగారు రిటైర్డ్ ఉద్యోగి కాబట్టి ఆ పదిహేను వేలు మాకు వర్తించదు. నేను డబ్బు గురించి అడగలేదు కూడా. కానీ 600 అయినా "ఇది నీకు" అని ఎవరైనా ఇస్తే ఎలా ఉంటుందో అని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధం ఎందుకు.

కొబ్బరాకు
డబ్బు ఇస్తే ఏమవుతుందో నేను చెప్తా అక్కా. మా ఆయన వాళ్లు నలుగురు అన్నదమ్ములు. ఇప్పుడైతే పండక్కి వచ్చి రెండ్రోజులు ఉండి "పాపం వదినకి ఎంత కష్టమో" అని వెళ్తారు. ఆ ఆరొందలు మొదలైన రోజు నుంచి "వదినకి గవర్నమెంటు ఇస్తోందిగా" అంటారు. అప్పుడు ఆ రెండ్రోజులు కూడా రారు. లెక్కలోకి ఎక్కితే ఇది నా ఉద్యోగం అని ముద్ర పడిపోతుంది, రాజీనామా లేని ఉద్యోగం. అందుకే గడి అంటే నాకు సగం ఇష్టం, సగం భయం.

ఆవకాయ_404
ఇదే నేను మొదట్నుంచీ అంటోంది.

కొబ్బరాకు
కాదు బాబూ. నువ్వు ఎవరూ లెక్కపెట్టొద్దు అంటున్నావు. నేను నా ఒక్కదాన్నే కాదు, ఆ నలుగురినీ కూడా లెక్కపెట్టమంటున్నాను. ఇంటికి ఎంతమంది, ఒక్కొక్కరు వారానికి ఎన్ని గంటలు. సున్నా వచ్చినవాళ్ల పేరు పక్కన సున్నా రాయాలి.

పాలమూరు_పోరడు
అక్క ఫారం వస్తే సంక్రాంతికి అల్లుళ్లు కూడా దిగరు.

సిరిసిల్ల_పిల్ల
ఎప్పుడూ చదివి పోయేదాన్ని, ఇవాళ రాస్తున్న. మా అమ్మకు కిడ్నీలు పాడైనప్పుడు నేను ఎనిమిదో తరగతి. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు బస్సులో తీస్కపోయేదాన్ని. బాపు సాంచెల (మరమగ్గాల) మీద పని, పన్నెండు గంటలు, సెలవు పెడితే కూలి పోతది. అమ్మ నీళ్లు ఎన్ని తాగిందో గ్లాసు గుర్తు పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసేదాన్ని. స్కూల్‌లో హాజరు తక్కువైందని అందరి ముందు నిలబెట్టిన్రు. మాస్టారు చెప్పిన లెక్కలో నాకు ఏ అంకె పడతది?

లెక్కల_మాస్టారు
విద్యార్థి. 1.

లీసెస్టర్_చలిమంట
@సిరిసిల్ల_పిల్ల ఇక్కడ ఈ ప్రశ్న ఐదేళ్లు దాటిన పిల్లల గురించి కూడా ఉంటుందమ్మా. ఎందుకో ఇవాళ్టిదాకా నాకు అర్థం కాలేదు. ఇప్పుడైంది.

సిరిసిల్ల_పిల్ల
ఐదేళ్లా

లీసెస్టర్_చలిమంట
అవును. వేలల్లో ఉన్నారు. పక్కనే ఐర్లండులో కూడా అడుగుతారు. పిల్లలూ పెద్దలూ అందరూ కలిపి సంరక్షకులు 2016లో 1,95,263 మంది అని తేలింది, 2022లో 2,99,128. ఆరేళ్లలో సగానికి పైగా పెరిగింది. ఇక్కడ ఈ అంకెలు చూపించే స్థానిక కౌన్సిళ్ల దగ్గర డబ్బు అడుగుతారు, సంరక్షకులకి నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చే ఏర్పాట్లకి. అడిగినంతా వస్తుందని కాదు. అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఒక్క లోపం, గంటల్లో ఆఖరి గడి '50, అంతకు మించి'. మన గోదారి అక్కకి ఆ యాభై బుధవారానికే అయిపోతాయి, మిగతా వారమంతా బోనస్.

టొరంటో_మంచు
కెనడా కథ కూడా వినండి, ఆవకాయ గారికి నచ్చుతుంది. సాస్కటూన్ అనే ఊళ్లో కరోల్ లీస్ అని ఒక గృహిణి, ముగ్గురు పిల్లల తల్లి. 1991 జనగణన ఫారం ప్రకారం తను పని చేయని మనిషి అవుతుందని, నేను నింపను పొమ్మంది. నింపకపోతే శిక్ష ఉంది, తెలిసే చేసింది. ఆమె మీద కేసు పెట్టలేదు. ఆమెతో ఆడవాళ్లు గొంతు కలిపారు, 1996 ఫారంలో మూడు ప్రశ్నలు వచ్చాయి: ఇంటిపని, పిల్లల సంరక్షణ, పెద్దవాళ్ల సంరక్షణ, ఒక్కోటి వారానికి ఎన్ని గంటలు. 2001, 2006లో కూడా అడిగారు. 2011కి తీసేశారు. ఒక గడి తెచ్చుకోవడానికి ఐదేళ్లు పట్టింది, పోవడానికి ఒక ప్రకటన చాలింది.

వకీలమ్మ
మన దగ్గర 1948 జనగణన చట్టం. జవాబు చెప్పకపోతే వెయ్యి రూపాయల దాకా జరిమానా.

ఉప్మా_విరోధి
గోదారి అక్కా, మనమంతా చందాలేసి వెయ్యి పంపిస్తాం. ఫారం నింపకండి.

గోదారి_గట్టు
వెయ్యి పంపేటట్లయితే డయపర్లు పంపండి తమ్ముడూ, పెద్ద సైజు.

మిడిల్_బెర్త్
నాకు ఇంకో ఐడియా. గోదారి గారూ, మీ మామగారిని నేను చూసుకుంటాను, మా అమ్మని మీరు చూసుకోండి. నేను మీకు నెలకి ఇరవై వేలు జీతం ఇస్తాను, మీరు నాకు ఇరవై వేలు ఇవ్వండి. ఒక్క రూపాయి కదలదు. ఇద్దరం మెయిన్ వర్కర్లం, జీడీపీ నెలకి నలభై వేలు పెరుగుతుంది.

సున్నా_ఒకటి
వినడానికి జోకులా ఉంది కానీ లెక్క ప్రకారం కచ్చితంగా అంతే.

పాలమూరు_పోరడు
ఇద్దరికీ ప్రొఫెషనల్ ట్యాక్స్ నోటీసు వస్తది జాగ్రత్త.

గోదారి_గట్టు
ఒక మాట దాచాను, ఇప్పుడు అడుగుతాను. మామగారి పక్కన కూర్చునేటప్పుడు ఊరికే ఉండలేక జాకెట్లు కుడతాను. వీధిలోవాళ్లవే, నెలకి ఐదారు. ఒక్కోదానికి రెండొందలు. మాస్టారూ, దీనికేమైనా అంకె ఉందా?

లెక్కల_మాస్టారు
అమ్మా, మొదటే చెప్పాల్సింది! డబ్బుకి కుడుతున్నావు కాబట్టి నువ్వు పని చేస్తున్నట్టే. ఏడాది మొత్తం మీద ఆరు నెలల లోపు పని అని తేలితే మార్జినల్ వర్కర్, లేకపోతే మెయినే. ఇంట్లో జరిగే పని కాబట్టి గృహ పరిశ్రమ. 2 కొట్టేయ్.

కొబ్బరాకు
ఆరు జాకెట్లు ఆవిణ్ని కార్మికురాల్ని చేశాయి. నాలుగేళ్లు చేయలేనిది.

గోదారి_గట్టు
మా ఆయనకి చెప్పాను. "అయితే నువ్వు టైలరువా?" అన్నారు. టైలరునే.

ఆవకాయ_404
ఫిబ్రవరిలో వచ్చే ఆయనతో ఏం చెప్పాలో తేల్చారా మరి? ఇంత గొడవపడ్డాం.

లెక్కల_మాస్టారు
కొత్త ఫారంలో ఏ గడి ఉంటుందో అప్పుడు చూద్దాం. ఇప్పటికైతే ఇది చేయండి. జవాబు చెప్పేటప్పుడు మీరే వాకిట్లో ఉండండి, మీ తరఫున ఎవర్నీ మాట్లాడనివ్వకండి. "ఏం చేయను" అన్న మాట నోట రానివ్వకండి. మీ ఇంట్లో మంచాన పడ్డవాళ్లు ఉంటే, వైకల్యం గురించి అడిగే చోట "ముసలాయన కదా, వయసు వల్ల" అని వదిలేయకుండా కదల్లేరు, మాట లేదు అని కచ్చితంగా చెప్పండి. 2011లో ముసలివాళ్ల విషయంలో మేము ఎక్కువ పోగొట్టింది అక్కడే.

సున్నా_ఒకటి
సొంతంగా ఆన్‌లైన్‌లో నింపుకునే వీలు కూడా ఇస్తున్నారు. ఎవరు నింపుతారో ఇంట్లో ముందే తేల్చుకోండి. లీసెస్టర్ అన్నలాంటివాళ్ల చేతికి ఫోన్ ఇవ్వకండి.

లీసెస్టర్_చలిమంట
ఇంక ఆ సంగతి వదిలేయండి బాబూ

గోదారి_గట్టు
అందరికీ కలిపి ఒకటే మాట, చాలా పనికొచ్చింది. ఇంతలో వేరే పని పడింది. ఎయిర్ బెడ్ ఒక గడి పంక్చర్ అయింది, అతికించినా గాలి నిలవట్లేదు. రాజమండ్రి, కాకినాడ వైపు సెకండ్ హ్యాండ్‌లో ఎవరి దగ్గరైనా ఉందా? కొత్తది ఇప్పుడు కొనలేం.

మిడిల్_బెర్త్
పాతది కొనేటప్పుడు పరుపు కాదు, పంపు చూసుకోండి. పరుపు ఎక్కడైనా దొరుకుతుంది.

కొబ్బరాకు
మా పిన్నిగారి ఊరు సామర్లకోట. వాళ్ల మామయ్యగారు పోయి ఆరు నెలలైంది, బెడ్ అటక మీదే ఉంది. అడిగి చెప్తా. డబ్బులు తీసుకోరు, పంపు మాత్రం బాగా మోత అన్నారు.

గోదారి_గట్టు
మోతంటే రాత్రి ఆయనకి నిద్ర పట్టదేమో

ఆవకాయ_404
పంపుని మంచానికి తగిలించకుండా కింద నేల మీద పెట్టు, అడుగున పాత టవల్ నాలుగు మడతలు వెయ్యి. సగం మోత పోతుంది. ట్యూబ్ మడత పడకుండా చూసుకో, మడత పడితే తెల్లారేసరికి ఒక పక్క దిగిపోతుంది.